ఘాట్‌లో క్లచ్ జారతా ఉంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడట్లేదు: రెండూ ఒకే బండికి ఎట్లా?

కొర్లగుంట_150:

అన్నలందరికీ నమస్తే. బండి 150 సీసీ, కార్బురేటర్ మోడల్, అయిదు గేర్లు, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల కిందట క్లచ్ వైర్ తెగితే ఇంట్లోనే కొత్తది వేసినా. అప్పట్నుంచీ రెండు తంటాలు.

ఇద్దరం కూర్చొని అలిపిరి నుంచి తిరుమల రెండో ఘాట్ ఎక్కతా ఉంటే, మూడో గేర్లో యాక్సిలేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తా ఉంది గానీ బండి అందుకోదు. ఆర్పీఎం ముల్లు 5 వేల నుంచి 7 వేలకి ఎగురుతుంది, స్పీడు 35 దగ్గరే నిలబడుతుంది. సగం దోవకి కాలిన వాసన.

కిందికొచ్చి లీలామహల్ సర్కిల్లో ఆగితే న్యూట్రల్ పడదు. లివర్ మొత్తం పట్టినా బండి ముందుకు లాగతా ఉంటుంది. ఫస్ట్ గేర్ వేస్తే ఠక్‌మని కొడుతుంది.

వైర్ టైట్ చేస్తే మొదటిది ఎక్కువైతా ఉంది, లూజ్ చేస్తే రెండోది. ప్లేట్లు మార్చే ముందు ఇంట్లో ఏమేం చూసుకోవాలి? స్పానర్ సెట్టు, వెర్నియర్ ఉన్నాయి.

పలమనేరు_పానా:

అప్పుడే ప్లేట్ల మీదికి పోవద్దు తమ్ముడూ. మీరు చెప్పినవి ఎదురెదురు జబ్బులు. జారడమంటే లివర్ వదిలినా ప్లేట్లు పూర్తిగా కరుచుకోవట్లేదని. న్యూట్రల్ పడకపోవడమంటే లివర్ పట్టినా ప్లేట్లు పూర్తిగా విడిపోవట్లేదని, అంటే క్లచ్ కట్ కావట్లేదని. మంచి క్లచ్‌లో ఈ రెంటికీ నడుమ చాలినంత జాగా ఉంటుంది, మనం ప్లే (బరువు తగిలేదాకా లివర్ ఖాళీగా కదిలే దూరం) పెట్టేది ఆ జాగాలోనే. మీ బండిలో అది కరిగిపోయింది. వైర్ మార్చినాకే మొదలైంది కాబట్టి ముందు వైరే చూద్దాం.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు లివర్ కొసని ఒక్క వేలితో మెల్లిగా లాగండి. బరువు తగిలేదాకా కొస ఎంత జరిగిందో స్కేలుతో చూడండి. 10 నుంచి 20 మి.మీ. ఉండాలి. కొన్ని కంపెనీల పుస్తకంలో 2–3 మి.మీ. అని ఉంటుంది, అది చూసి కొస దగ్గరే 2 మి.మీ. పెట్టేసి క్లచ్ కాల్చుకుంటారు. ఆ 2–3 కొలవాల్సింది లివర్ మొదట్లో, హోల్డర్‌కీ లివర్‌కీ మధ్య సందులో. అక్కడ 2–3 మి.మీ. అంటే కొస దగ్గరికొచ్చేసరికి దాదాపు 12–18 అవుతుంది. రెండు పుస్తకాలూ చెప్పేది ఒకటే, కొలిచే చోటే వేరు.

పెట్టే వరుస: పైన లివర్ దగ్గరి అడ్జస్టర్ లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్ మొత్తం లోపలికి తిప్పి, మళ్లీ రెండు చుట్లు బయటికి తీయండి. తర్వాత కిందికి రండి. ఇంజన్ దగ్గర బ్రాకెట్‌కి అటొకటి ఇటొకటి నట్లు ఉంటాయి. ఒకటి వదులు చేసి రెండోదాన్ని జరుపుతూ కొస దగ్గర 15 మి.మీ. తెచ్చుకోండి, రెండూ బిగించండి. అసలు సెట్టింగ్ కిందే జరగాలి. పై అడ్జస్టర్ దోవలో చిన్న సవరణలకి మాత్రమే: బయటికి తిప్పితే ప్లే తగ్గుతుంది, లోపలికి తిప్పితే పెరుగుతుంది. థ్రెడ్ సగానికంటే ఎక్కువ బయట కనబడితే అక్కడే వంగి విరుగుతుంది.

అడ్జస్టర్‌కీ లాక్ నట్‌కీ వైర్ దూర్చేందుకు చీలికలుంటాయి కదా, అవి రెండూ ఒకే వరసలో ఆకాశం వైపు చూస్తా ఉంటే వాననీళ్లు నేరుగా వైర్లోకి పోతాయి. మనకి వానలు గట్టిగా పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, వైర్లు తుప్పు పట్టేదీ అప్పుడే. చీలికలు కిందికి, ఒకదానికొకటి ఎడంగా ఉండేలా పెట్టండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. హ్యాండిల్ ఎడమ కొసదాకా, కుడి కొసదాకా తిప్పి రెండు చోట్లా ప్లే మళ్లీ కొలవండి. మారిందంటే వైర్ పాత దోవన పోలేదు. ట్యాంకు కింద ఇరుక్కొని ఉంటుంది, లేదా హెడ్‌లైట్ వెనక గైడ్‌లో దూర్చి ఉండరు. ఘాట్‌లో వంపు తిరిగినప్పుడల్లా మీరు పట్టకుండానే క్లచ్ సగం పట్టినట్టు అవుతుంది, మరి జారకుండా ఎట్లా ఉంటుంది?

చివరగా, కింద వైర్ లాగే ఆర్మ్. క్లచ్ విడిపోయే క్షణంలో ఆర్మ్‌కీ వైర్‌కీ మధ్య దాదాపు 90 డిగ్రీలు ఉండాలి. ఆర్మ్ విప్పి బిగించినప్పుడు ఒక పన్ను తప్పి కూర్చుంటే ఆ కోణం పోతుంది. లివర్ రాయిలా బిగుసుకుంటుంది, లాగినంతా లాగినా క్లచ్ కట్ కాదు.

రేణిగుంట_రోడ్డు:

పానా అన్న చెప్పింది సరే. కానీ ఆయిల్ సంగతి ఎవరూ అడగలేదే. క్లచ్ ఇంజన్ ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది, కాబట్టి ఏ డబ్బా పోసినారన్నది మొదటి ప్రశ్న కావాల. డబ్బా వెనక జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) గ్రేడ్ ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది స్కూటర్లకి. గేర్‌లెస్ స్కూటర్ క్లచ్ ఆయిల్లో ఉండదు గనక దానికి ఎంత జారుడు ఆయిల్ పోసినా నష్టం లేదు. అదే బైకులో పోస్తే ప్లేట్ల పట్టు పోతుంది. కార్ల ఆయిల్‌తోనూ ఇదే తంటా, ముఖ్యంగా వెనకవైపు గుండ్రటి ముద్రలో 'రిసోర్స్ కన్సర్వింగ్' అని ఉన్నవాటితో. బైకు క్లచ్ పట్టుని కొలిచి ఆయిల్‌కి గ్రేడ్ ఇచ్చే జాసో ప్రమాణం 1998లో వచ్చిందే ఈ బాధ వల్ల.

లెవెల్ కూడా చూడండి. ఎక్కువ పోసినా క్లచ్ కట్ కాదు, ఆయిల్లో ప్లేట్లు ఈదుతా ఉంటాయి. బండి సెంటర్ స్టాండ్ మీద నిటారుగా ఉండగా గేజ్ గీతల మధ్య ఉండాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన లెవెల్ లెక్కలోకి రాదు.

విప్పేముందు రెండు పరీక్షలు. ఒకటి, వేడెక్కిన ఇంజన్ ఆపేసి న్యూట్రల్ వేసి చూడండి. ఆపినాక సులువుగా పడి, నడుస్తున్నప్పుడు పడకపోతే క్లచ్ కట్ కావట్లేదని ఖాయం. ఆపినా పడకపోతే తప్పు గేర్ షిఫ్టర్ వైపు, క్లచ్ విప్పి లాభం లేదు. రెండు, తిరుచానూరు వైపు ఖాళీ చదును రోడ్డు దొరికితే టాప్ గేర్లో 40 మీద పోతా ఒక్కసారిగా ఫుల్ యాక్సిలేటర్ ఇవ్వండి. ఆర్పీఎం, స్పీడు చెయ్యి చెయ్యి పట్టుకొని పెరగాలి. ఆర్పీఎం ముందు ఎగిరి, స్పీడు తర్వాత నింపాదిగా వస్తే జారుతోంది. ఆర్పీఎమ్మే పెరగకపోతే అది క్లచ్ జబ్బు కాదు. బ్రేక్ పట్టుకుంటోందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుందా, కార్బురేటర్ ఎట్లుంది, అవి చూసుకోవాలి. 'పికప్ లేదు' అని వచ్చే బండ్లన్నింటికీ క్లచ్ ప్లేట్లు మార్చేసే అలవాటు ఒకటి ఉంది మన దగ్గర.

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటిసారి ఫస్ట్ గేర్ వేస్తే బండి ఎగిరిపడటం మాత్రం జబ్బు కాదు. రాత్రంతా నిలబడి ప్లేట్లు ఆయిల్‌తో అతుక్కుంటాయి. తాళం ఆపి, లివర్ పట్టి, గేర్లో పెట్టి బండిని ముందుకీ వెనక్కీ నాలుగు సార్లు ఊపితే విడిపోతాయి.

కొర్లగుంట_150:

అన్నా, అన్నీ చూసినా. లివర్ కొసన ప్లే 3 మి.మీ. హ్యాండిల్ కుడికి తిప్పితే సున్నా! వైర్ హెడ్‌లైట్ వెనక గైడ్‌లోంచి పోకుండా పక్కనుంచి పోయింది. ఆయిల్ 300 మి.లీ. టాప్ అప్ చేసింది ఇంట్లో స్కూటర్‌కి తెచ్చిన డబ్బాలోంచి. వెనక చూస్తే ఎంబీ. ఇంజన్ ఆపితే న్యూట్రల్ వెన్నలా పడుతుంది.

వైర్ సరిగ్గా దూర్చి ప్లే 15 పెట్టినా. పాత ఆయిల్ మొత్తం వదిలేసి ఎంఏ2 పోసినా. జారడం బాగా తగ్గింది గానీ పోలేదు, భాకరాపేట ఘాట్‌లో నాలుగో గేర్లో ఇంకా ఉంది. వేడెక్కితే న్యూట్రల్ ఇప్పటికీ పడదు. వాసన మాత్రం లేదు.

చంద్రగిరి_గ్యారేజ్:

ఇక విప్పక తప్పదు. కొత్త ఆయిల్ పోసినా, కాలిన ప్లేట్ల పైన పాత జారుడు పొర అంత సులువుగా పోదు. ప్లే సరిగ్గా ఉండి కూడా వేడికి క్లచ్ కట్ కావట్లేదంటే స్టీల్ ప్లేటు వంగి ఉంటుంది, లేదంటే హౌసింగ్ (ప్లేట్ల గుత్తి కూర్చునే గిన్నె) వేళ్ల మీద గాట్లు పడి ఉంటాయి.

ఎందుకంటారా, లెక్క చూడండి. 5 ఫ్రిక్షన్ ప్లేట్లు (పట్టు పొర ఉన్నవి), 4 స్టీల్ ప్లేట్లు ఉన్న క్లచ్ అనుకుందాం. ఒకదానికొకటి తాకే ముఖాలు 10. లివర్ మొత్తం లాగితే ప్రెషర్ ప్లేట్ (స్ప్రింగుల బలంతో గుత్తిని నొక్కిపట్టేది) లేచేది సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. పదిమందికి పంచితే ఒక్కో ముఖానికి 0.15 మి.మీ. సందు, అంటే రెండు కాగితాల మందం కూడా లేదు. ఒక్క స్టీల్ ప్లేటు 0.2 మి.మీ. వంగినా ఆ సందు పూడిపోతుంది. ఘాట్‌లో జారి జారి వేడెక్కిన ప్లేటే వంగేది. అంటే మీ రెండో జబ్బుని పుట్టించింది మొదటి జబ్బే.

కావాల్సినవి: టీ స్పానర్లు, రబ్బరు సుత్తి, క్లచ్ కవర్ గ్యాస్కెట్ (పాతది మళ్లీ వాడొద్దు), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు), ఒక అద్దం ముక్క, మీ బండి పుస్తకంలో చెప్పినంత ఆయిల్. ఫ్రిక్షన్ ప్లేట్ల సెట్టు, స్ప్రింగులు కొలతలు చూసినాకే కొనండి.

ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడే వదలండి. వైర్ ఊడదీయండి. కిక్ రాడ్ తీసేముందు షాఫ్ట్ మీదా రాడ్ మీదా కలిపి పెయింట్ గీత పెట్టండి. ఫుట్‌రెస్ట్ అడ్డమొస్తే అదీ తీయాలి. కవర్ బోల్టులు ఒకేసారి విప్పొద్దు, అన్నింటినీ ఎదురెదురుగా పావు చుట్టు చొప్పున వదులు చేయండి. పొడుగులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి అట్ట ముక్క మీద కవర్ ఆకారం గీసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొడుగు బోల్టు పొట్టి చోట బిగిస్తే కేసు పగులుతుంది.

కవర్ లాగేటప్పుడు కిక్ షాఫ్ట్‌ని బొటనవేలితో లోపలికి నొక్కి పట్టండి. అది కవర్‌తో పాటు వచ్చిందంటే లోపలి స్ప్రింగ్ విప్పుకుంటుంది, సాయంత్రం దాకా దాంతోనే సరి. కవర్ లోపలివైపు వాషర్ అంటుకొని ఉందేమో తడిమి చూడండి. కవర్‌ని వరసలో నిలిపే డోవెల్ పిన్నులు రెండు, ఎటు మిగిలిపోయినాయో చూసుకోండి. గ్యాస్కెట్ గీరడానికి స్క్రూడ్రైవర్ వాడితే గాటు పడి ఆయిల్ కారుతుంది, పాత బ్లేడు పడుకోబెట్టి గీరండి.

స్ప్రింగ్ బోల్టులూ అంతే, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా. ప్లేట్లు తీసిన వరుసలోనే పేపర్ మీద పరచండి. కొలిచి ఇక్కడ పెట్టండి: ఒక్కో ఫ్రిక్షన్ ప్లేట్ మందం నాలుగు చోట్ల, స్టీల్ ప్లేట్‌ని అద్దం మీద పెట్టి చుట్టూ ఫీలర్ గేజ్ దూరుతోందా, స్ప్రింగుల పొడవు. స్టీల్ ప్లేట్లు నీలం రంగు తిరిగి ఉంటే కొలవక్కర్లేదు, కాలినాయి. హౌసింగ్ వేళ్ల అంచు మీద గోరు జార్చి చూడండి, ఎక్కడైనా తట్టుకుంటోందేమో.

చిత్తూరు_100సీసీ:

మధ్యలో దూరినందుకు ఏమనుకోవద్దు. నాది 100 సీసీ. స్ప్రింగ్ బోల్టులు తీసినా ప్లేట్లు బయటికి రావట్లేదు, లోపల ఏదో పట్టుకొని ఉంది. ఎట్లా?

పలమనేరు_పానా:

కొన్ని చిన్న ఇంజన్లలో ప్రెషర్ ప్లేట్ అడుగున ఉంటుంది. మధ్యలో ఉన్న సర్క్లిప్ (గాడిలో కూర్చునే స్ప్రింగ్ రింగు) గానీ లాక్ నట్ గానీ తీస్తేనే హబ్‌తో పాటు ప్లేట్ల గుత్తి మొత్తం వస్తుంది. లాక్ నట్‌కి నాలుగు గాడులుంటే దానికి వేరే సాకెట్ ఉంది, స్పేర్ పార్ట్స్ అంగట్లో దొరుకుతుంది. ఉలి, సుత్తి పెట్టి కొట్టొద్దు. నట్టు అంచులు తింటాయి, వెనక బేరింగ్‌కీ దెబ్బ తగులుతుంది. సర్క్లిప్ అయితే ఒకసారి తీసింది మళ్లీ వేయకుండా కొత్తది వేయండి.

కొర్లగుంట_150:

కొలతలు ఇవిగో.
ఫ్రిక్షన్ ప్లేట్లు: 2.7, 2.7, 2.6, 2.5, 2.7. అంగట్లో కొత్త ప్లేట్ మీద వెర్నియర్ పెడితే 3.0 వచ్చింది.
స్టీల్ ప్లేట్లు: మూడు బాగున్నాయి. ఒకటి నీలంగా ఉంది, 0.25 గేజ్ కింద దూరిపోతోంది.
స్ప్రింగులు నాలుగూ ఒకే పొడవు, కొత్తదానికంటే 1 మి.మీ. తక్కువ.
హౌసింగ్ వేళ్ల మీద సన్నటి గాట్లున్నాయి, గోరు తట్టుకుంటోంది. ఆకురాయి పట్టించనా?

చంద్రగిరి_గ్యారేజ్:

అయిదు ప్లేట్లూ కొత్తవైతే 15 మి.మీ. మీవి కలిపితే 13.2. అంటే 1.8 మి.మీ. అరిగింది. ప్రెషర్ ప్లేట్ అంత లోపలికి జరిగింది, స్ప్రింగులు అంత వదులైనాయి, పైగా స్ప్రింగులే 1 మి.మీ. కుంగినాయి. నొక్కే బలం తగ్గింది కాబట్టే ఇద్దరి బరువుతో ఘాట్‌లో నిలవలేదు. ఇంకో సంగతి గమనించండి: ప్లేట్లు అరిగే కొద్దీ లివర్ దగ్గర ప్లే పెరగదు, తగ్గుతుంది. వైర్ సాగితేనే పెరిగేది. ఏళ్లుగా వైర్ ముట్టకుండానే ప్లే సున్నాకి వచ్చిందంటే అది ప్లేట్లు పోయినాయని చెప్పే మాట.

ఫ్రిక్షన్ ప్లేట్లు అయిదూ, వంగిన స్టీల్ ప్లేటు, స్ప్రింగులు నాలుగూ మార్చండి. ఒక్క 2.5 ప్లేటు మాత్రం మార్చి సర్దుకుందామనుకోవద్దు. ఆకురాయి విషయంలో, గాటు అర మిల్లీమీటరు లోపు ఉంటే సన్నటి చదును ఆకురాయితో అంచు నునుపు చేయొచ్చు. అడుగున తడిబట్ట కప్పి చేయండి, అల్యూమినియం పొడి లోపలికి పోతే ఆయిల్ పంపుకి పోతుంది.

రేణిగుంట_రోడ్డు:

ఆకురాయి దగ్గర నేను ఒప్పుకోను. గాటు పోయేదాకా రాకితే వేలు సన్నబడుతుంది, ప్లేట్ చెవికీ వేలికీ మధ్య సందు పెరుగుతుంది. తర్వాత ఐడిల్‌లో గలగల శబ్దం, కొత్త గాట్లు ఇంకా తొందరగా పడతాయి. గోరు కొంచెం తట్టుకున్నా ముట్టుకోకుండా వదిలేయండి. పూర్తిగా ఆగిపోయేంత లోతుంటే హౌసింగ్ మార్చాలి. నడిమి దారి లేదు.

చంద్రగిరి_గ్యారేజ్:

గాటు మొత్తం పోయేదాకా రాకమనలేదు, పైకి లేచిన మొన విరగ్గొట్టమన్నా. అంతవరకైతే సందు పెరగదు. అంతకు మించిందైతే మీరు చెప్పినట్టే, కొత్త హౌసింగ్.

బిగించేటప్పుడు ఇవి మరవొద్దు. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లు ముందు రోజు రాత్రే ఇంజన్ ఆయిల్లో నానబెట్టండి. పొడిగా వేస్తే మొదటి కిలోమీటర్లోనే మాడతాయి. స్టీల్ ప్లేట్లకి ఒక అంచు గుండ్రంగా, ఇంకో అంచు పదునుగా ఉంటుంది, అన్నింటి గుండ్రటి వైపూ ఒకే దిక్కుకి పెట్టండి. కొన్ని హౌసింగ్‌లలో చివరి ఫ్రిక్షన్ ప్లేట్ చెవులు పక్క గాడిలో కూర్చుంటాయి, తీసేటప్పుడే ఫోటో తీసుకోండి. స్ప్రింగ్ బోల్టులు 6 మి.మీ.వి, ఎదురెదురుగా 10–12 న్యూటన్ మీటర్లు చాలు. అల్యూమినియం బుడిపెల మీద బలం చూపిస్తే అవే విరిగి చేతికొస్తాయి.

కవర్ మూసేముందు వైర్ తగిలించి, లివర్ లాగుతూ ప్రెషర్ ప్లేట్ చుట్టూ సమంగా లేస్తోందా చూడండి. ఒకవైపే లేస్తే ఏదో స్ప్రింగ్ సరిగ్గా కూర్చోలేదు. కొన్ని మోడళ్లలో లాగే ఆర్మ్ కవర్‌లోనే ఉంటుంది, వాటికి ఈ పరీక్ష కుదరదు. ప్లే మళ్లీ మొదటినుంచి పెట్టాలి, ఇప్పుడు ప్లేట్ల గుత్తి మందం పెరిగింది కాబట్టి పాత సెట్టింగ్‌తో ప్లే ఎక్కువ వస్తుంది.

కొర్లగుంట_150:

బిగించేసినా అన్నా. గాటు మొనలు మాత్రం విరగ్గొట్టినా, లోపలికి పోలేదు. ప్లే 15. వేడి మీద కూడా న్యూట్రల్ పడతా ఉంది, ఫస్ట్ గేర్ శబ్దం లేకుండా పోతా ఉంది. ఘాట్ ఇంకా ఎక్కలేదు. పోవచ్చా?

పలమనేరు_పానా:

300–400 కిలోమీటర్లు ఊళ్లో తిప్పినాక పోండి, అప్పుడు ప్లే ఇంకోసారి కొలవండి. కొత్త ప్లేట్లు సర్దుకునేటప్పుడు మొదట్లో కొంచెం మారుతుంది. ఎక్కేటప్పుడు వంపుకి ముందే రెండో గేర్లోకి దిగండి, మూడో గేర్లో హాఫ్ క్లచ్ పట్టి లాగించొద్దు. పైకి 28 నిమిషాల్లోపు చేరితే ఎట్లాగూ చెక్‌పోస్టులో పట్టుకుంటారు, తొందరపడి దక్కేదేం లేదు. లివర్ మీద రెండు వేళ్లు ఊరికే ఆనించి నడిపే అలవాటుంటే మానుకోండి, ఆ కాస్త బరువుకే ప్లే అంతా అయిపోయి ప్లేట్లు జారతాయి.

పాత వైర్ పారేసినారా? లేకపోతే అది ఎక్కడ తెగిందో చూడండి. లివర్‌లో ఉండే బుడిపె దగ్గర తెగి ఉంటే ఆ రంధ్రం ఎండిపోయి బుడిపె తిరగట్లేదన్నమాట. అక్కడ చిటికెడు గ్రీజు పెట్టకపోతే కొత్త వైరూ అక్కడే తెగుతుంది.